చందా సరే, చోటేదీ?

సికింద్రాబాద్‌లో ఉజ్జయినీ మహంకాళి ఆలయం ఉంది, సెయింట్ మేరీస్, వెస్లీ చర్చిలు ఉన్నాయి, మసీదులు, గురుద్వారా, పార్సీల అగ్ని ఆలయాలు ఉన్నాయి. లేనిది యూదుల సినగాగ్ ఒక్కటే. అయినా సినగాగ్ సభ్యత్వ రుసుము మీద అమెరికాలో కొన్నేళ్లుగా నలుగుతున్న వివాదం ఈ ఊరికి బొత్తిగా సంబంధం లేనిదేమీ కాదు. మారేడ్‌పల్లి, తార్నాక, సైనిక్‌పురి ఇళ్లలో సగానికి సగం పిల్లలు అమెరికాలో ఉన్నారన్నది అతిశయోక్తే కావచ్చు గానీ, అక్కడి పెళ్లిళ్ల కబుర్లు ఇక్కడి ముందు గదుల్లోకి రావడం మాత్రం నిజం. కులం బయట పెళ్లి అన్న మాట పాతబడి, మతం బయట పెళ్లి దాకా వచ్చాం. ఆ కోడలో, అల్లుడో యూదు కుటుంబం నుంచి వస్తే, పిల్లలు పుట్టిన నాలుగైదేళ్లకు ఇంట్లో ఒక లెక్క మొదలవుతుంది. సినగాగ్‌లో చేరాలా? చేరితే ఏడాదికి ఎంత? అంత కట్టాక మనం అక్కడ సభ్యులమా, చుట్టాలమా?

మొదటి రెండు ప్రశ్నల మీద అమెరికాలో చాలా చర్చ జరిగింది. మూడోదే అసలైనది. ప్రార్థనాలయం అడిగే డబ్బు బరువే అయినా దాన్ని తగ్గించవచ్చు, వాయిదా వేయవచ్చు, మాఫీ చేయవచ్చు. వంశం పేరిట అడిగే అర్హతకు ఏ రాయితీ ఉండదు. మిశ్రమ కుటుంబాలకు తలుపు మూసుకుపోయేది ఎక్కువగా ఈ అర్హత దగ్గరే. దీన్ని అర్థం చేసుకోవడానికి సికింద్రాబాద్ పార్సీల అనుభవం మనకు దగ్గరి పాఠం.

హుండీ లేని గుడి

సినగాగ్‌కు ఏటా రుసుము ఎందుకని మనవాళ్లకు సందేహం రావడం సహజం. గుడికి వెళ్తే హుండీలో వేస్తాం, చర్చిలో కానుకల సంచి తిరుగుతుంది. యూదులకు విశ్రాంతి దినమైన శనివారం డబ్బు ముట్టుకోవడం నిషిద్ధం. జనం ఎక్కువగా వచ్చే రోజే పైసా వసూలు చేయడానికి వీల్లేదు. పైగా ప్రతి సినగాగ్ దేనికది స్వతంత్రం. ఆదుకోవడానికి బిషప్ లేడు, దేవస్థానం లేదు, అమెరికాలో నిర్వహణకు ప్రభుత్వ సాయమూ లేదు. మతగురువైన రబ్బీ జీతం, భవనం మరమ్మతు, పిల్లల ఆదివారం బడి, అన్నీ సభ్యుల నుంచే రావాలి.

ఈ వసూలుకు మూలం చాలా పాతది. ఇశ్రాయేలీయుల్లో లెక్కింపబడిన ప్రతివాడూ అర తులం వెండి ఇవ్వాలని, ధనవంతుడు ఎక్కువ ఇవ్వకూడదని, పేదవాడు తక్కువ ఇవ్వకూడదని నిర్గమకాండం 30వ అధ్యాయం చెబుతుంది. అందరి వాటా సమానమైతే అందరి హోదా సమానమన్నది అందులోని భావం. అమెరికాలో అది తారుమారైంది. ముందు వరుస కుర్చీలు ఎక్కువ ధరకు, వెనక వరుసలు తక్కువకు అమ్మారు. దీనికి ఎదురు తిరిగి రబ్బీ స్టీఫెన్ వైజ్ 1907లో న్యూయార్క్‌లో ఫ్రీ సినగాగ్ స్థాపించారు. అక్కడ ఎవరైనా ఎక్కడైనా కూర్చోవచ్చు, నిర్ణీత రుసుము లేదు. కుర్చీల అమ్మకం క్రమంగా పోయింది. దాని స్థానంలో కుటుంబానికి ఇంత అనే వార్షిక రుసుము స్థిరపడింది.

నేడు చాలాచోట్ల అది వెయ్యి డాలర్ల నుంచి మూడు వేలు దాటి ఉంటుంది. వేసవిలో వచ్చే ఆ బిల్లును విప్పి చూస్తే అసలు రుసుము ఒక వరుస మాత్రమే. కింద భవన నిధి ఉంటుంది. పిల్లల హీబ్రూ బడి ఫీజు వేరు. కొత్త సంవత్సరం, ప్రాయశ్చిత్త దినం ప్రార్థనలకు సీటు కావాలంటే సభ్యులకు అందులోనే కలుస్తుంది, కానివారు టికెట్ కొనుక్కోవాలి. 2018 అక్టోబర్ 27న పిట్స్‌బర్గ్‌లోని ట్రీ ఆఫ్ లైఫ్ సినగాగ్‌లో ఒక దుండగుడు 11 మందిని కాల్చి చంపిన తర్వాత చాలాచోట్ల భద్రతా రుసుము పేరిట ఇంకో వరుస చేరింది. పదమూడేళ్లకు పిల్లవాడికి బార్ మిత్స్వా అనే మత క్రతువు జరగాలంటే సాధారణంగా అంతకు ముందు కొన్నేళ్లు సభ్యత్వం ఉండాలి. కట్టలేనివారికి తగ్గింపు దాదాపు ప్రతిచోటా ఉంది. కాకపోతే వెళ్లి అడగాలి, కొన్నిచోట్ల ఆదాయం కాగితాలు చూపాలి. ఉద్యోగం పోయిన మనిషి ఆ కమిటీ ముందు కూర్చోవడం కన్నా మానుకోవడమే నయమనుకుంటాడు. కొత్తగా వచ్చిన మిశ్రమ దంపతులకు అడగవచ్చన్న సంగతే తెలియదు.

ఇదొక్కటే పద్ధతి కాదు. జర్మనీలో ప్రభుత్వమే ఆదాయ పన్నుతో పాటు మత పన్ను వసూలు చేసి చర్చిలకు, చాలా రాష్ట్రాల్లో యూదు సంఘాలకు అందజేస్తుంది. బ్రిటన్‌లో చాలామంది సినగాగ్ సభ్యత్వం తీసుకునేది ప్రార్థన కోసం కన్నా అంత్యక్రియల ఏర్పాటు కోసం. సభ్యత్వంలోనే సమాధి స్థలం ఖర్చూ కలిసి ఉంటుంది.

వెళ్లిపోయిన వారి వాటా ఎవరు కట్టాలి?

ఒక సినగాగ్ ఏడాది ఖర్చు ఆరు లక్షల డాలర్లు, సభ్య కుటుంబాలు మూడు వందలు అనుకుందాం. కుటుంబానికి రెండు వేలు పడుతుంది. అరవై కుటుంబాలు మానేస్తే కప్పు మరమ్మతూ తగ్గదు, రబ్బీ జీతమూ తగ్గదు. మిగిలిన రెండు వందల నలభై కుటుంబాల మీద రెండున్నర వేల చొప్పున పడుతుంది. ఆ పెరిగిన రుసుము చూసి ఇంకో ఇరవై కుటుంబాలు ఆలోచనలో పడతాయి. ఒకరిని గడప బయట ఉంచితే ఆ ఖర్చు లోపల ఉన్నవారి మీదే పడుతుందన్నది ఈ లెక్క సారం. మత సంఘాల్లో శుద్ధత గురించి మాట్లాడేవారు దీన్ని చాలా అరుదుగా లెక్కలోకి తీసుకుంటారు.

ఇది గ్రహించిన కొన్ని సినగాగ్‌లు నిర్ణీత రుసుము ఎత్తేశాయి. సంస్థ నడవడానికి కుటుంబానికి సగటున ఎంత అవసరమో చెప్పి, ఎంత ఇస్తారో మీ ఇష్టమని వదిలేశాయి. న్యూయార్క్‌లోని యూజేఏ ఫెడరేషన్ 2015లో, మళ్లీ 2017లో ఈ మార్పును అధ్యయనం చేసింది. రెండో నివేదిక నాటికి అలాంటివి అరవై దరిదాపుల్లో ఉన్నాయి. అనుకున్నట్టు ఆదాయం కుప్పకూలలేదు. లెక్క చూపి అడిగితే జనం ఇస్తారని తేలింది.

మరోవైపు, హసిదిక్ సంప్రదాయానికి చెందిన ఛబాద్ కేంద్రాలు సాధారణంగా సభ్యత్వ రుసుమే అడగవు. దాతల విరాళాలతో నడుస్తాయి. ఎవరొచ్చినా శుక్రవారం రాత్రి భోజనం పెడతాయి. కానీ ఎవరు యూదు అన్న ప్రశ్నకు వాళ్ల జవాబు అత్యంత కఠినం: తల్లి యూదు అయి ఉండాలి, లేదా సనాతన పద్ధతిలో మతం మారి ఉండాలి. రుసుము లేనంత మాత్రాన తలుపు తెరిచినట్టు కాదనడానికి ఇంతకంటే వేరే ఉదాహరణ అక్కర్లేదు.

తల్లి వైపా, తండ్రి వైపా?

ప్యూ పరిశోధన సంస్థ 2020 సర్వే ప్రకారం అమెరికాలో పెళ్లయిన యూదుల్లో 42 శాతం మంది జీవిత భాగస్వామి యూదు కాదు. 2010 తర్వాత జరిగిన పెళ్లిళ్లలో అది 61 శాతం. అంటే కొత్తగా ఏర్పడుతున్న యూదు కుటుంబాల్లో అధిక భాగం మిశ్రమ కుటుంబాలే.

రెండు ఇళ్లు ఊహించుకుందాం. న్యూజెర్సీలో ఒక తెలుగు అబ్బాయి, యూదు అమ్మాయి. పక్క వీధిలో ఒక యూదు అబ్బాయి, తెలుగు అమ్మాయి. ఇద్దరూ ఒకే రుసుము కట్టగలరు. మొదటి ఇంటి బిడ్డను దాదాపు ఏ సినగాగ్ అయినా యూదుగానే ఎంచుతుంది, తల్లి యూదు కనుక. రెండో ఇంటి బిడ్డను సనాతన, కన్సర్వేటివ్ శాఖలు మతం మార్పిడి లేకుండా ఒప్పుకోవు. రిఫార్మ్ శాఖ మాత్రం 1983లో, తండ్రి యూదు అయినా సరే, బిడ్డను యూదుగా పెంచితే చాలని తీర్మానించింది. కన్సర్వేటివ్ సినగాగ్‌ల సమాఖ్య 2017లో మరో మెట్టు దిగి, యూదులు కాని వారికి సభ్యత్వం ఇవ్వాలా వద్దా అన్నది ఏ సినగాగ్‌కు ఆ సినగాగ్ తేల్చుకోవచ్చని ఓటు వేసింది. అప్పటిదాకా ఆ శాఖలో భార్యాభర్తలు ఉమ్మడి ఖాతా నుంచి రుసుము కట్టినా సభ్యులు ఒక్కరే. ఇద్దరి సంపాదన తీసుకుని ఒకరికే ఓటు ఇచ్చే పద్ధతిని ఎన్నాళ్లు సమర్థించగలరు?

ఇప్పుడు అవే రెండు ఇళ్లను సికింద్రాబాద్‌కు తెద్దాం. పార్సీ అబ్బాయి, తెలుగు అమ్మాయి పెళ్లాడితే వాళ్ల పిల్లలకు నవజోత్ అనే మత దీక్ష చేయించి అగ్ని ఆలయంలోకి తీసుకెళ్లవచ్చన్నది శతాబ్దం పైబడిన ఆనవాయితీ. పార్సీ అమ్మాయి, తెలుగు అబ్బాయి అయితే దేశంలోని చాలా అంజుమన్‌లు, అంటే పార్సీ సంఘాలు, ఆ పిల్లల్ని పార్సీలుగా గుర్తించవు. అక్కడ తల్లి రక్తం, ఇక్కడ తండ్రి రక్తం.

జేమ్స్ స్ట్రీట్ నిప్పు

ఒకప్పటి జేమ్స్ స్ట్రీట్, ఇప్పటి ఎం.జి. రోడ్డు మీద ఉన్న దర్-ఎ-మెహర్ అనే అగ్ని ఆలయాన్ని 1847లో విక్కాజీ, పెస్తన్‌జీ మెహర్‌జీ సోదరుల పేరిట నెలకొల్పారు. వాళ్లు నిజాం ప్రభుత్వానికి అప్పులిచ్చిన షావుకార్లు. తమ పేరుతో నాణేలు చెలామణీ అయ్యేంత స్థాయికి ఎదిగి, ఆ అప్పులు తిరిగి రాక ఆ దశాబ్దంలోనే చితికిపోయారు. వ్యాపారం మునిగింది, ఆలయం మిగిలింది. 1904లో అబిడ్స్ తిలక్ రోడ్డులో మాణెక్‌బాయి నస్సర్‌వాన్‌జీ చినాయ్ పేరిట మరొకటి, 1920లో సికింద్రాబాద్‌లోనే ఖాన్ బహదూర్ ఎదుల్‌జీ సొరాబ్‌జీ చినాయ్ పేరిట ఇంకొకటి వెలిశాయి. పార్సీగుట్ట అన్న పేరే పార్సీలు మృతదేహాలను ఉంచే అక్కడి దోఖ్మాల వల్ల వచ్చింది.

అగ్ని ఆలయం ఖర్చు ఎలాంటిదో దగ్గరగా చూడాలి. నిప్పు ఆరకూడదు. రోజును ఐదు జాములుగా విభజించి, జాముకొకసారి పూజారి అయిన మొబెద్ గర్భగుడిలోకి వెళ్లి కట్టెలు అమర్చి, చందనం పేళ్లు వేసి, మంత్రాలు చదివి గంట కొట్టాలి. దీన్ని బోయ్ అంటారు. భక్తులు వంద మంది వచ్చినా, ఒక్కరూ రాకపోయినా ఐదు బోయ్‌లు తప్పవు. చందనం ధర ఏటేటా పెరుగుతుంది. ఆ పని చేసే మొబెద్‌లు వంశపారంపర్య పూజారి కుటుంబాల నుంచే రావాలి, వాళ్ల పిల్లలేమో ఇతర ఉద్యోగాల్లోకి పోతున్నారు. ఇంత ఖర్చున్నా మన పార్సీ కుటుంబానికి అమెరికా యూదుల తరహా బిల్లు రాదు. పాత తరాల దాతలు వదిలిన ఆస్తులు, ట్రస్టులే మూలధనం. ఒక రకంగా, ముత్తాతలు కట్టిన రుసుముతో మునిమనవలు ప్రార్థిస్తున్నారు.

చిక్కంతా అక్కడే ఉంది. ముత్తాత ఇచ్చిన ఆస్తికి వారసులు ఎవరు అన్న ప్రశ్న కోర్టుకెక్కింది. పారిశ్రామికవేత్త రతన్‌జీ దాదాభాయ్ టాటా ఫ్రెంచి మహిళ సుజాన్ బ్రియెర్‌ను పెళ్లాడారు. ఆమె నవజోత్ చేయించుకుని జరతుష్ట్ర మతం స్వీకరించారు. వారి కుమారుడే జేఆర్‌డీ టాటా. మతం మారిన ఆమెకు పార్సీ పంచాయతీ ఆలయాలు, దోఖ్మాలు, నిధుల్లో హక్కు ఉందా అన్న వ్యాజ్యంలో బొంబాయి హైకోర్టు న్యాయమూర్తులు దావర్, బీమన్ 1908లో లేదని తీర్పు చెప్పారు. జరతుష్ట్ర మతస్థులు కావడం వేరు, పార్సీ కావడం వేరు, ట్రస్టులు పార్సీల కోసం పెట్టినవి అన్నారు. పార్సీ తండ్రికి పుట్టి మతం స్వీకరించిన పిల్లలను మాత్రం లోపలి లెక్కలో చేర్చారు. తండ్రి వైపు ఆనవాయితీకి కోర్టు ముద్ర పడింది అప్పుడే. ఆ వ్యాజ్యాన్ని మతం మీద తగవుగా చదవడం కన్నా ఆస్తి మీద తగవుగా చదివితే బాగా అర్థమవుతుంది.

నూరేళ్ల తర్వాత, హిందువును పెళ్లాడిన పార్సీ మహిళ గుల్రుఖ్ గుప్తా, తల్లిదండ్రుల అంత్యక్రియలకు వెళ్లే హక్కు కోసం వల్సాద్ అంజుమన్ మీద పోరాడవలసి వచ్చింది. ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లాడినా స్త్రీ భర్త మతంలో కలిసిపోయినట్టేనని 2012లో గుజరాత్ హైకోర్టు మెజారిటీ తీర్పు. 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ముందు అంజుమన్ దిగివచ్చి ఆమెను అనుమతిస్తామంది. మౌలిక ప్రశ్న శబరిమల కేసుతో కలిసి పెద్ద ధర్మాసనానికి వెళ్లింది.

ఈలోగా జనం తగ్గుతున్నారు. 2001 జనాభా లెక్కల్లో పార్సీలు 69,601 మంది, 2011లో 57,264 మంది. పదేళ్లలో పన్నెండు వేల పైచిలుకు తగ్గారు. సంతానం పెంచడానికి కేంద్రం 2013లో జియో పార్సీ పథకం తెచ్చింది. ఒకవైపు ప్రభుత్వం పిల్లల్ని కనమని ప్రోత్సాహకాలు ఇస్తుంటే, మరోవైపు పార్సీ తల్లులకు, ఇతర మతాల తండ్రులకు పుట్టిన పిల్లల్ని అంజుమన్‌లు లెక్కలోంచి తీసేయడం ఏ లెక్కల మాస్టారికీ అంతుబట్టదు. సంప్రదాయవాదుల వాదనా తీసిపారేయదగ్గది కాదు. వెయ్యేళ్లకు పైగా పరాయి సముద్రంలో ఒక చిన్న జాతి కలిసిపోకుండా నిలిచింది ఈ గట్టు వల్లనే అంటారు. ఆ మాట నిజమే. అయితే ఢిల్లీలోని దర్-ఎ-మెహర్‌లోకి పార్సీయేతరులనూ రానిస్తారు. అక్కడ మతం మంటగలిసిపోలేదు.

రుసుము లేని చోట చెల్లించేది

తెలుగు నేల మీద సినగాగ్ లేకపోలేదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, తాము ఎఫ్రాయిము గోత్రం వారమని చెప్పుకునే బెనె ఎఫ్రాయిమ్ సముదాయం 1990ల మొదట్లో ఒక చిన్న సినగాగ్ పెట్టుకుంది. నాయకత్వం వహించింది షమ్యూల్ యాకోబి, సాదోక్ యాకోబి సోదరులు. మాదిగ కుటుంబాలు, చాలామంది వ్యవసాయ కూలీలు, అంతకు ముందు క్రైస్తవులు. మానవ శాస్త్రవేత్తలు యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ వీరి గురించి 2013లో ఒక పుస్తకమే ప్రచురించారు.

ఇక్కడ రెండు వేల డాలర్ల బిల్లు లేదు. అయినా రోజు కూలి మీద బతికే మనిషి శనివారం విశ్రాంతి పాటిస్తే ఆ రోజు కూలి పోయినట్టే. వారానికి ఆరు రోజుల పనిలో ఒక రోజు పోవడమంటే సంపాదనలో ఆరో వంతు. న్యూజెర్సీ ఇంజినీర్ తన జీతంలో అంత వాటా ఏ సినగాగ్‌కూ ఇవ్వడు. దానికి తోడు, 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులు, సిక్కులు, బౌద్ధులకే. యూదులమని కాగితం మీద రాసుకుంటే పిల్లల రిజర్వేషన్ ప్రమాదంలో పడుతుంది. ఇంత చెల్లించినా, ఇజ్రాయెల్ మత పెద్దలు 2005లో మణిపూర్, మిజోరం బ్నే మెనషే వారికి ఇచ్చినట్టు వీరికి గుర్తింపు ఇవ్వలేదు. ధర కట్టినా రశీదు అందనివాళ్లు వీళ్లు.

కొచ్చిలో 1568లో కట్టిన పరదేశి సినగాగ్‌లోనూ ఇదే కథ నడిచింది. విముక్తి పొందిన బానిసల సంతతి అని ముద్రపడిన యూదులకు లోపల సమాన స్థానం ఉండేది కాదు. ఆ వర్గంలో పుట్టిన న్యాయవాది ఏ.బి. సేలం గాంధీ మార్గంలో సినగాగ్‌లోనే సత్యాగ్రహం చేసి ఆ హక్కులు ఒక్కొక్కటే సాధించారు.

రుసుము లేకపోవడంలో ఇంకో లోటూ ఉంది. మన ఆలయాల్లో సభ్యత్వమే లేదు. మహంకాళికి బోనం సమర్పించేవారు లక్షల్లో ఉన్నా, దేవాదాయ చట్టం కింద ధర్మకర్తల మండలిని నియమించేది ప్రభుత్వ యంత్రాంగం. హుండీలో వేసినవాడికి ఖర్చు మీద ఓటు లేదు. అమెరికాలోనూ, న్యూయార్క్ ఫ్లషింగ్‌లోని గణేశ ఆలయ ధర్మకర్తలను భక్తులు ఎన్నుకోవాలా వద్దా అన్న వివాదం ఏళ్ల తరబడి కోర్టుల్లో సాగి, 2008లో ధర్మకర్తల మండలికి అనుకూలంగా తేలింది. చందా కట్టే చోట మనిషికి పట్టింపు ఉంటుంది, లెక్క అడిగే నోరు ఉంటుంది. సినగాగ్ రుసుమును తిట్టేవాళ్లు దీన్ని మరచిపోకూడదు. అది బరువే గానీ హక్కు పత్రం కూడా.

చేయవలసింది

కనుక రుసుమును రద్దు చేయడం పరిష్కారం కాదు. మార్చవలసినవి మూడు. మొదటిది, ఖర్చు లెక్క బహిరంగంగా పెట్టి, శక్తికొద్దీ ఇవ్వమనాలి, రాయితీ కోసం ఎవరూ చేతులు కట్టుకు నిలబడే అవసరం ఉండకూడదు. రెండోది, ఇంటి నుంచి డబ్బు తీసుకుంటే ఆ ఇంట్లోని ఇద్దరు పెద్దలకూ ఓటు ఇవ్వాలి, సమాధి స్థలంలో ఇద్దరికీ పక్కపక్కన చోటు ఇవ్వాలి. జీవితమంతా కలిసి బతికిన దంపతులను చివర్లో రెండు వేర్వేరు శ్మశానాలకు పంపే నియమం ఏ శాస్త్రంలో ఉన్నా పునరాలోచన కోరుతుంది. మూడోది, క్రతువును, సభ్యత్వాన్ని వేరు చేయాలి. గర్భగుడిలో ఎవరు అడుగు పెట్టాలో, తోరా ముందు ఎవరు నిలబడాలో పూజారులు, రబ్బీలు తేల్చుకోనివ్వండి. హాలు, బడి, సహాయ నిధి, ఎన్నికల జాబితా మాత్రం కుటుంబం మొత్తానివి కావాలి.

ఈ మూడూ సికింద్రాబాద్ అంజుమన్‌లకు, సంఘస్థుల చందా పుస్తకం చూసి సమాధుల తోటలో చోటిచ్చే చర్చిలకు, మతాంతర వివాహాల్ని ఇంకా మౌనంగా భరిస్తున్న మన కుల సంఘాలకూ వర్తిస్తాయి. అమెరికా సినగాగ్‌లు ఇందులో ముందడుగు వేసింది ఔదార్యం పొంగి కాదు, సభ్యులు తగ్గి లెక్క తప్పినందువల్ల. మన దగ్గర ఆ లెక్క తప్పడం ఇప్పటికే మొదలైంది. బలవంతాన తెరిచే తలుపును ఈ తరమే ఇష్టంగా తెరిస్తే, లోపలికి వచ్చే పిల్లలు దాన్ని తమ ఇల్లనుకుని నిలబెడతారు, వచ్చే ఏడు చందా అడగకుండానే కడతారు.